కుక్కపిల్ల వారంలో నేర్చుకుంది, మా బాబుకు ఏడాదైనా భిన్నాలు ఎందుకు రావడం లేదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఇంట్లో కుక్కపిల్ల వారం రోజుల్లో కూర్చోమంటే కూర్చోవడం, చెయ్యి ఇమ్మంటే ఇవ్వడం నేర్చేసుకుంది. ఆరో తరగతి చదివే బాబుకు మాత్రం ఏడాదిగా భిన్నాలు ఎక్కడం లేదు. స్లిప్ టెస్టులో పదికి తొమ్మిది తెచ్చుకుంటాడు, అదే లెక్కలో అంకెలు మార్చి ఇంట్లో ఇస్తే చేతులెత్తేస్తాడు. స్కూలువాళ్లు శ్రద్ధ లేదంటున్నారు, ఫౌండేషన్ బ్యాచ్ నుంచి తీసి కింది సెక్షన్‌లో వేస్తామంటున్నారు. జంతువులే ఇంత తేలిగ్గా నేర్చుకుంటుంటే మనిషి తెలివి గొప్పదేమిటి, లోపం పిల్లవాడిదా చదువుదా, సైకిల్ కొనిస్తానని ఆశపెడితే దారికొస్తాడా అన్నవి మీ సందేహాలు.

నేను డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు జువాలజీ చెప్పాను, అందులో జంతు ప్రవర్తన నాకు ప్రాణమైన పేపరు. రిటైరైన తర్వాత ప్రభుత్వ బడుల టీచర్ల శిక్షణ తరగతులకు వెళ్తున్నాను. అందుకే ఈ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీ బాబు నేర్చుకోలేకపోవడం లేదు, బాగానే నేర్చుకుంటున్నాడు. కాకపోతే అతను నేర్చుకుంటున్నది భిన్నాలు కాదు, భిన్నాల పరీక్షలో గట్టెక్కే ఉపాయం. ఈ రెండింటికీ తేడా ఎంత ఉంటుందో ఒక గుర్రం కథలో తెలుస్తుంది. కథ అంటున్నాను గానీ ఇది జరిగినదే, దాని రికార్డులన్నీ ఉన్నాయి.

1900ల మొదట్లో బెర్లిన్‌లో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉండేవాడు. జంతువులకు కూడా చదువు చెప్పవచ్చని ఆయన గట్టి నమ్మకం. హాన్స్ అనే తన గుర్రానికి బోర్డు మీద అంకెలు రాసి, పూసల చట్రం చూపించి, సరిగ్గా చెప్పినప్పుడల్లా క్యారెట్ ముక్కో రొట్టె ముక్కో పెట్టి, ఏళ్ల తరబడి ఓపికగా పాఠాలు చెప్పాడు. గుర్రం కూడికలు, తీసివేతలు చేసింది. తేదీలు చెప్పింది. జవాబు ఎంతో అన్నిసార్లు గిట్టతో నేలమీద తట్టేది. మీకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఏమిటంటే, అది భిన్నాలు కూడా చేసింది. ఐదింట రెండు, రెండింట ఒకటి కలిపితే ఎంత అంటే ముందు లవానికి తొమ్మిది సార్లు, తర్వాత హారానికి పది సార్లు తట్టింది. పదింట తొమ్మిది, సరైన జవాబే.

1904లో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కార్ల్ స్టుంఫ్ ఆధ్వర్యంలో ఒక కమిటీ వచ్చి పరీక్షించింది. అందులో సర్కస్ నడిపేవాళ్లు, టీచర్లు, జంతువుల గురించి బాగా తెలిసినవాళ్లు ఉన్నారు. ఎక్కడా మోసం లేదని తేల్చారు. నిజంగానే లేదు. మాస్టారు ప్రదర్శనకు డబ్బులు కూడా తీసుకునేవాడు కాదు. ఆ తర్వాత స్టుంఫ్ శిష్యుడు ఆస్కర్ ఫుంగ్‌స్ట్ కొంచెం వేరుగా పరీక్షించాడు. అడిగే మనిషికే జవాబు తెలియకుండా చేసి ప్రశ్న అడిగించాడు. గుర్రానికి కళ్లగంతలు కట్టి, అడిగే మనిషి కనబడకుండా చేసి చూశాడు. ఆ రెండు సందర్భాల్లోనూ హాన్స్‌కు ఒక్కసారిగా లెక్కలు రాకుండా పోయాయి. అడిగేవాడికి తెలిస్తేనే గుర్రానికి తెలుస్తోంది.

జరుగుతున్నది ఇది. ప్రశ్న అడిగాక మనిషి గిట్ట వైపు చూడటానికి తెలియకుండానే కొంచెం ముందుకు వంగుతాడు. తట్టడం సరైన సంఖ్యకు చేరగానే లోపలి టెన్షన్ సడలి తల ఇసుమంత పైకి లేస్తుంది. ఆ కదలిక చూసి గుర్రం ఆగిపోతుంది. కదలిక ఎంత చిన్నదంటే, అంతమంది అనుభవజ్ఞులు పక్కనే నిలబడి కూడా పట్టుకోలేకపోయారు. ఫుంగ్‌స్ట్‌కు రహస్యం తెలిసిన తర్వాత కూడా తన తల కదలకుండా ఆపుకోవడం చేతకాలేదు.

ఈ సంగతి చెప్పేవాళ్లు చాలామంది 'పాపం గుర్రానికి ఏమీ రాదు' అని ముగిస్తారు. అది అన్యాయం. హాన్స్ చాలా కష్టమైన లెక్క ఒకటి స్వయంగా చేసింది. మనిషి మొహంలో, మెడలో ఏ మార్పు వస్తే క్యారెట్ దొరుకుతుందన్నది ఆ లెక్క. మాస్టారు నేర్పుతున్నాననుకున్నది గణితం, శిష్యుడికి అందినది మాస్టారు. అంత శ్రద్ధగా, అంత కాలం చెప్పిన పాఠంలో ఈ తేడా ఆయనకు చివరిదాకా కనబడలేదు, ఎందుకంటే జవాబు దాదాపు ప్రతిసారీ సరిగ్గానే వస్తోంది.

ఆ తర్వాత జంతు ప్రయోగాలు చేసేవాళ్లు ఒక నియమం పెట్టుకున్నారు. పరీక్షించే మనిషికి సరైన జవాబు ఏదో తెలియకూడదు, లేదా పరీక్షింపబడే జంతువుకు ఆ మనిషి కనబడకూడదు. కోతిని పరీక్షించినా కాకిని పరీక్షించినా ఈ జాగ్రత్త లేకపోతే ఆ ఫలితాన్ని ఎవరూ నమ్మరు. మన బడుల్లో ఈ జాగ్రత్త ఎక్కడుందో మీరే చూడండి. టీచరు 'కిరణజన్య సంయోగ...' అని ఆపుతారు, తరగతి అంతా 'క్రియ' అని అరుస్తుంది. 'ఇక్కడ కూడాలా, తీసేయాలా?' అని అడిగి ఒక మాటను కాస్త ఒత్తి పలుకుతారు, పిల్లలు ఒత్తిన మాటనే తిరిగి చెబుతారు. 'అర్థమైందా?' అంటే 'అయింది సార్' అన్న కోరస్ వస్తుంది. లెక్కలో 'మొత్తం' అన్న మాట కనబడితే కూడాలి, 'మిగిలినవి' అని ఉంటే తీసేయాలి అని పిల్లలు ఎవరూ చెప్పకుండానే పట్టేస్తారు. స్లిప్ టెస్టు నిన్న చెప్పిన అధ్యాయం మీదే వస్తుంది కాబట్టి ఏ పద్ధతి వాడాలో ఆలోచించే అవసరమే ఉండదు. మీ బాబు తొమ్మిది మార్కులు అలా వచ్చినవే. ఇంట్లో మీరు అంకెలు మార్చి, ఏ సైగా ఇవ్వకుండా అడిగారు. తెలియకుండానే ఫుంగ్‌స్ట్ చేసిన పరీక్ష మీరూ చేశారన్నమాట.

ఇక మనిషి తెలివి గురించి. జ్ఞాపకశక్తే తెలివి అయితే మనం చాలా జీవుల తర్వాతే నిలబడాలి. ఉత్తర అమెరికా కొండల్లో క్లార్క్స్ నట్‌క్రాకర్ అనే పక్షి పైన్ గింజలను వేలాది చోట్ల పాతిపెట్టి, నెలల తర్వాత మంచు కప్పేసిన నేలలో కూడా వెతికి తీసుకుంటుంది. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో అయుము అనే చింపాంజీ తెరమీద సెకనులో ఐదో వంతు సేపు మెరిసి మాయమయ్యే అంకెల స్థానాలను గుర్తుపెట్టుకుని, చిన్న అంకె నుంచి వరుసగా తాకింది. 2007లో ఆ ఫలితాలు వచ్చినప్పుడు అదే పరీక్షలో కాలేజీ విద్యార్థులు దాని దరిదాపుల్లోకి రాలేదు. బట్టీ పట్టే శక్తిని కొలిచి ర్యాంకు ఇస్తున్నామంటే, మనిషికి ప్రత్యేకం కాని గుణాన్ని కొలుస్తున్నామని అర్థం.

మరి మనకు ప్రత్యేకమైనది ఏది? నాకు అన్నిటికంటే నచ్చిన జవాబు జర్మనీలోని లైప్‌జిగ్ పరిశోధకులు 2007లో ప్రకటించిన పనిలో ఉంది. వంద మందికి పైగా రెండున్నరేళ్ల పిల్లలకు, వంద దాటిన చింపాంజీలకు, కొన్ని ఒరాంగుటాన్‌లకు ఒకే రకం పరీక్షలు పెట్టారు. వస్తువు ఎక్కడ దాగింది, ఏ కుప్ప పెద్దది, ఏది తోస్తే ఏది కదులుతుంది వంటి విషయాల్లో పిల్లలూ చింపాంజీలూ దాదాపు సమానం. ఎదుటివారు చేసింది చూసి నేర్చుకోవడం, వాళ్ల ఉద్దేశం గ్రహించడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పిల్లలు చాలా ముందున్నారు. అంటే పుట్టుకతో మనకు దక్కిన వరం పెద్ద బుర్ర ఒక్కటే కాదు, ఇంకొకరి బుర్రలో ఉన్నదాన్ని అందుకునే శక్తి.

ఆ శక్తికి ఒక నీడ కూడా ఉంది. విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ అనే ఇద్దరు పరిశోధకులు 2005లో వెల్లడించిన ప్రయోగం చూడండి. ఉగాండాలోని న్గాంబా దీవిలో ఉన్న చింపాంజీలకు, స్కాట్లాండ్‌లో మూడు నాలుగేళ్ల పిల్లలకు ఒక పెట్టె తెరిచి చూపించారు. పైన ఉన్న రంధ్రంలో కర్రతో పొడవడం, తర్వాత ముందున్న చిన్న తలుపు తీసి లోపలి బహుమతి తీసుకోవడం. పెట్టె నల్లగా, లోపల ఏముందో కనబడకుండా ఉన్నప్పుడు అందరూ రెండు పనులూ చేశారు. అదే పెట్టె గాజులా పారదర్శకంగా ఉంటే పైన పొడవడం వల్ల ఏ ఉపయోగమూ లేదని కళ్లకు కనబడుతుంది. అప్పుడు చింపాంజీలు ఆ పని మానేసి నేరుగా తలుపు తీశాయి. పిల్లలు మాత్రం ఉపయోగం లేదని కనబడుతున్నా పొడవడం మానలేదు.

మొదటిసారి చదివినప్పుడు పిల్లలే వెర్రివాళ్లనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. పెద్దవాళ్లు చేశారంటే ఏదో కారణం ఉండే ఉంటుందని పిల్లవాడు నమ్ముతున్నాడు. ఆ నమ్మకమే లేకపోతే నారు ఎప్పుడు పోయాలో, ఊరగాయలో ఉప్పు ఎందుకు అంత వేయాలో, మగ్గం మీద పోగు ఎలా అతకాలో ఒక తరం నుంచి ఇంకో తరానికి చేరేది కాదు. కారణం తెలిసేదాకా ఆగితే ఏ విద్యా నిలవదు. ముందు అనుకరించి, తర్వాత అర్థం చేసుకోవడం మనిషి దారి.

మీ బాబు సమస్య సరిగ్గా ఇక్కడే ఉంది. 'భిన్నాన్ని భిన్నంతో భాగించాలంటే రెండోదాన్ని తిరగేసి గుణించు' అని చెప్పారు. ఎందుకు తిరగేయాలి అన్నది ఎవరూ చెప్పలేదు. నల్ల పెట్టె ముందు కూర్చున్న పిల్లవాడిలా, చూపించింది చూపించినట్టు చేశాడు. అనుకరించాక రావాల్సిన రెండో మెట్టు, అంటే అర్థం చేసుకోవడం, ఎప్పుడూ రాలేదు. సిలబస్ పూర్తి కావాలన్న తొందరలో తర్వాతి అధ్యాయం వచ్చేసింది. దీన్ని శ్రద్ధ లేకపోవడం అంటారా? పెద్దల మీద అంత విశ్వాసంతో, అర్థం లేని పనిని కూడా ఏడాదిపాటు చేసిన పిల్లవాడికి శ్రద్ధ లేదనడం నాకు బాధ కలిగిస్తుంది.

నేర్పడం మనిషికి మాత్రమే చేతనవుతుందని ఒకప్పుడు అనుకునేవారు. 2006లో రెండు పరిశోధనలు ఆ అభిప్రాయాన్ని కదిలించాయి. ఒక జాతి చీమల్లో ఆహారం దారి తెలిసిన చీమ, తెలియని చీమను వెంటబెట్టుకుని వెళ్తుంది. వెనకాల వచ్చేది ఆగి చుట్టూ చూసుకుంటుంటే ముందుది నిలబడిపోతుంది, మీసాలతో తట్టాకే మళ్లీ కదులుతుంది. ఒంటరిగా వెళ్తే ఎంతో ముందే చేరేది, అయినా ఆగుతుంది. రెండోది ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో ఉండే మీర్‌క్యాట్‌లది. ముంగిస జాతికి చెందిన ఈ చిన్న జంతువులకు తేళ్లు ఆహారం. బాగా చిన్న పిల్లలకు పెద్దవి చచ్చిన తేలు తెచ్చి ఇస్తాయి. కాస్త ఎదిగాక కొండి తుంచేసిన తేలు, ఇంకా ఎదిగాక బతికున్న తేలు. పిల్ల జడుసుకుంటే తేలును మళ్లీ దాని ముందుకు తోస్తాయి, పారిపోతే పట్టుకొచ్చి పెడతాయి.

ఎంత చక్కని గురువులో అనిపిస్తుంది. పరిశోధకులు అలెక్స్ థోర్న్‌టన్, క్యాథరీన్ మెకాలిఫ్ అక్కడితో ఆగలేదు. ఎదిగిన పిల్లల అరుపులు రికార్డు చేసి, పసి పిల్లలున్న గుంపు దగ్గర వినిపించారు. పెద్దవి పసివాటికి కూడా బతికున్న తేళ్లు తేవడం పెంచాయి! అంటే అవి పిల్లకు ఎంత వచ్చో చూసి నేర్పడం లేదు, గొంతు విని వయసు అంచనా కట్టి నేర్పుతున్నాయి. గొంతు మారితే మోసపోతాయి.

మన బడి కూడా గొంతు వినే నేర్పుతోంది. పదకొండేళ్లు వచ్చాయా, ఆరో తరగతి. ఆరో తరగతా, భిన్నాల భాగహారం. పిల్లవాడికి భాగహారం అంటే ఏమిటో తెలుసా అని ఎవరూ అడగరు. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలు పదేపదే ఇదే చెబుతున్నాయి. దేశంలోని గ్రామాల్లో ఐదో తరగతి పిల్లల్లో సుమారు సగం మంది రెండో తరగతి పాఠాన్ని గడగడా చదవలేకపోతున్నారు. అయినా వాళ్ల ముందు ఐదో తరగతి పుస్తకమే ఉంటుంది. పిల్లలను వయసును బట్టి కాకుండా, వచ్చినదాన్ని బట్టి రోజులో కొంతసేపు గుంపులు చేసి చెబితే ఎంత మార్పు వస్తుందో ప్రథమ్‌తో కలిసి అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో వంటివారు ప్రయోగపూర్వకంగా చూపించారు. 2019లో వాళ్లకు ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చిన పనిలో ఇదీ ఒక భాగం. తెలంగాణలో 2022లో ప్రాథమిక బడుల కోసం మొదలైన తొలిమెట్టు కార్యక్రమం వెనక కూడా చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు ముందు గట్టిపడాలన్న ఆలోచనే ఉంది. నా శిక్షణ తరగతుల్లో టీచర్లకు ఇందులో అభ్యంతరం ఏమీ కనబడలేదు. వాళ్లను వెంటాడే భయం ఒక్కటే, సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందని అడిగే పై అధికారి. ప్రైవేటు బడిలో ఆ స్థానంలో తల్లిదండ్రులు ఉంటారు. పక్క స్కూల్లో ఏడో తరగతి లెక్కలు ఆరులోనే చెప్పేస్తున్నారని మనమే గర్వంగా చెప్పుకుంటాం.

మీర్‌క్యాట్‌కు లేని సౌకర్యం మనకు ఒకటుంది. పిల్లవాడిని కూర్చోబెట్టుకుని 'ఇది ఎలా చేశావు, చెప్పు' అని అడగవచ్చు. ఇంకే జీవికీ ఈ అవకాశం లేదు. మన చదువులో నాకు కనబడే అతి పెద్ద లోపం ఈ ప్రశ్న అడగకపోవడమే. కంప్యూటర్లు లేకపోవడం, ఇంగ్లిష్ రాకపోవడం దీని ముందు చిన్నవి.

అడిగితే ఏం బయటపడుతుందో చెప్పే ఉదాహరణ ఒకటి ఎన్నోసార్లు టీచర్లకు చెప్పాను. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో అమ్ముకునే పిల్లల లెక్కలను పరిశోధించి 1985లో ప్రచురించారు. కొబ్బరికాయలు అమ్మే పన్నెండేళ్ల పిల్లవాణ్ణి, కాయ 35 చొప్పున నాలుగు కాయలు ఎంత అంటే, మూడు కాయలు 105, దానికి ఇంకో కాయ కలిపితే 140 అని నోటితో చెప్పాడు. తర్వాత అదే పిల్లవాడికి కాగితం మీద 35ను 4తో గుణించమని ఇస్తే 200 అని రాశాడు. నాలుగైదులు ఇరవై, రెండు మిగులు, రెండూ మూడూ ఐదు, నాలుగైదులు ఇరవై. మిగులును గుణించాక కలపాల్సింది పోయి ముందే కలిపేశాడు. అంగట్లో నాలుగు కాయలకు 200 అడిగి ఉంటే కొనేవాడు పోట్లాడేవాడు, ఆ పిల్లవాడికే నవ్వొచ్చేది. కాగితం మీద మాత్రం అతనికి ఏ అనుమానమూ రాలేదు. అక్కడ అంకెలకు అర్థం ఉంటుందని అతను అనుకోవడం మానేశాడు. మన దేశంలో కోల్‌కతా, ఢిల్లీ సంతల్లో పనిచేసే పిల్లల మీద 2025లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనలోనూ ఇదే కనబడింది. సంతలో చకచకా లెక్క చెప్పే పిల్లలు బడి లెక్క చేయలేకపోయారు. బడి లెక్క బాగా చేసే పిల్లలు సంత లెక్క దగ్గర తడబడ్డారు. తప్పు రెండు వైపులా ఉన్న పిల్లలది కాదు, మధ్యలో వంతెన కట్టని మనది.

ఇంట్లో మీరూ చూడవచ్చు. పావు కిలో, అర కిలో కలిపితే ఎంత అని అడగండి. ముప్పావు అంటాడు. కాగితం మీద నాలుగింట ఒకటి, రెండింట ఒకటి కూడమనండి. ఆరింట రెండు అని రాస్తే ఆశ్చర్యపోకండి, కోప్పడకండి. ఈ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి 'రెండూ ఒకే లెక్క కదా, ఏది సరైనది, ఎందుకు?' అని అడిగి ఊరుకోండి. ఎంతసేపైనా ఊరుకోండి. ఆ చీమలా.

కోప్పడటం గురించి కొంచెం చెప్పాలి. దండం దశగుణం భవేత్ అన్న మాట మన ఇళ్లలో ఇప్పటికీ వినబడుతుంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. ర్యాంకుల బోర్డు, సెక్షన్ మార్పు, అందరిముందూ మార్కులు చదవడం మాత్రం నడుస్తూనే ఉన్నాయి. భయం అస్సలు పనిచేయదని నేను అనను. 1908లో యెర్కీస్, డాడ్సన్ అనే పరిశోధకులు చిట్టెలుకలకు వెలుతురు తేడా గుర్తించడం నేర్పారు, తప్పు చేస్తే చిన్న కరెంటు షాక్. తేడా కొట్టొచ్చినట్టు ఉన్న తేలిక పనిలో షాక్ పెరిగేకొద్దీ త్వరగా నేర్చుకున్నాయి. తేడా సూక్ష్మంగా ఉన్న కష్టమైన పనిలో మాత్రం షాక్ ఎక్కువైతే నేర్చుకోవడం మందగించింది. ఎక్కాలు అప్పజెప్పించడానికి భయం పనికొస్తుంది, అందుకే పాతకాలపు మాస్టార్ల బెత్తం పనిచేసినట్టు కనబడేది. భిన్నాల్లాంటి ఆలోచించాల్సిన విషయంలో అదే భయం దారి మూసేస్తుంది.

దీనికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి. 1967లో సెలిగ్‌మన్, మెయర్ కుక్కల మీద చేసిన ప్రయోగం. తాము ఏం చేసినా ఆగని షాక్‌లు తిన్న కుక్కల్లో చాలావాటిని, తర్వాత తేలిగ్గా తప్పించుకోగల చోట పెట్టినా, కదలకుండా పడుకుండిపోయాయి. నిస్సహాయతను అవి నేర్చుకున్నాయని అప్పట్లో చెప్పారు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, మెదడు మీద వచ్చిన కొత్త ఆధారాలతో ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగరాశారు. ఆగని బాధ ఎదురైతే చేతులెత్తేయడం నేర్చుకున్నది కాదు, అది శరీరపు సహజ స్పందన. నేర్చుకోవాల్సింది 'నేను చేస్తే మారుతుంది' అన్నదే. ఆ అనుభవం దొరికిన జంతువులో మెదడు ముందు భాగం ఆ సహజ స్పందనను అణచిపెడుతుంది. మరి పడుకుండిపోయిన కుక్కలను ఎలా మార్చారు? బుజ్జగిస్తే, తిండి చూపిస్తే లేవలేదు. గొలుసు పట్టుకుని పదేపదే అవతలి వైపుకు నడిపించాక, అక్కడ షాక్ ఉండదని కాళ్లతో తెలుసుకున్నాక, తమంతట తాము దూకడం మొదలుపెట్టాయి. 'నువ్వు చేయగలవురా' అన్న మాటలకంటే నిజంగా తనే చేసి గెలిచిన ఒక చిన్న లెక్క ఎందుకు ఎక్కువ పనిచేస్తుందో దీన్ని బట్టి అర్థం చేసుకోండి.

సైకిల్ గురించి. కొనివ్వండి, పిల్లవాడికి సైకిల్ ఉండాలి. లెక్కలకు ముడిపెట్టకండి. 1950 ప్రాంతంలో హ్యారీ హార్లో కోతుల బోనులో గొళ్లెం, కొక్కెం, పిన్ను ఉన్న చిన్న చిక్కుముడి పెట్టాడు. తిండి ఆశ ఏమీ లేకుండానే అవి విప్పడం నేర్చుకున్నాయి, విప్పుతూనే ఉన్నాయి. తర్వాత తిండిని అందులో చేరిస్తే పని మెరుగుపడలేదు, తప్పులు పెరిగాయి. 1973లో లెపర్, గ్రీన్, నిస్‌బెట్ బొమ్మలు గీయడం ఇష్టపడే చిన్నపిల్లలకు గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్లకు ఆ పిల్లలు తమంతట తాము గీయడం బాగా తగ్గించేశారు. చెప్పకుండా హఠాత్తుగా సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. అస్సలు ఇష్టం లేని పనిని మొదలుపెట్టించడానికి చిన్న బహుమతి ఫరవాలేదు. ఇష్టం పుట్టాల్సిన చోట మాత్రం అది అడ్డుపడుతుంది.

మార్కులు రాలేదంటే నేర్చుకోలేదని కాదు, ఇదీ గుర్తుంచుకోండి. 1930లో టోల్మన్, హాన్జిక్ కొన్ని ఎలుకలను, దారి చివర తిండి ఏమీ ఉంచకుండా, పది రోజులు చిక్కుదారుల పెట్టెలో ఊరికే తిరగనిచ్చారు. వాటికి ఏమీ రాలేదన్నట్టే ఉంది. పదకొండో రోజున చివర తిండి పెట్టారు. మర్నాటికల్లా అవి మొదటినుంచీ తిండి దొరికిన ఎలుకలతో సమానంగా నడిచాయి. ఊరికే తిరిగిన రోజుల్లో దారి మొత్తం బుర్రలో గీసుకున్నాయి. తీరిక లేని టైమ్ టేబుల్ ఉన్న పిల్లలకు ఇలా ఊరికే తిరిగే సమయం దొరకదు. ఉదయం స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా నడిచే బడిలో ఇదొక పెద్ద నష్టమని నా అభిప్రాయం.

పరీక్ష ముందురోజు రాత్రి రుద్దడం గురించి ఒక్క మాట. పండ్ల ఈగలకు ఒక వాసనను వరుసగా పదిసార్లు నేర్పితే జ్ఞాపకం కొద్ది రోజుల్లో చెదిరిపోతుంది. అదే పదిసార్లు మధ్యమధ్య పావుగంట విరామంతో నేర్పితే వారమైనా నిలుస్తుంది. ఈగ నుంచి మనిషి దాకా ఈ విషయంలో తేడా లేదు. రోజుకు మూడు లెక్కలు, ఆదివారం ముప్పై కంటే మేలు.

ఇక ఇంట్లో చేయాల్సింది. పాత అధ్యాయాలవి, కొత్తవి కలిపి కొన్ని లెక్కలు చీటీల మీద రాసి కలిపేయండి. బాబే ఒకటి తీసుకుని, మీకు చూపించకుండా చేసి, ఎలా చేశాడో నోటితో చెప్పాలి. మీరు జవాబు ముందే చూసుకోకండి, మీ మొహం చూసి సరిచేసుకునే అవకాశం ఉండదు. జవాబు ఒప్పయినా తప్పయినా మీరు అడిగే మాట ఒకటే ఉండాలి, 'ఎలా వచ్చింది?' తప్పయినప్పుడే అలా అడిగితే ఆ ప్రశ్నే కొత్త సైగ అవుతుంది. మొదటి రోజుల్లో 'తెలీదు, మేడం అలా చెప్పారు' అంటాడు. అది మంచి సమాచారం. ఏ మెట్టు దగ్గర ఆ మాట వచ్చిందో రాసుకోండి.

కింది సెక్షన్ విషయంలో స్కూలువాళ్లను ఒక్కటే అడగండి, భిన్నాల్లో బాబు ఏ మెట్టు దగ్గర ఆగాడో, ఆ సెక్షన్‌లో ఆ మెట్టు నుంచి చెబుతారా అని. చెబుతామంటే మొహమాటపడకుండా మార్పించండి, బంధువులు ఏమనుకుంటారన్నది పక్కన పెట్టండి. అదే సిలబస్‌ను తక్కువ ఆశతో చెప్పే సెక్షన్ అయితే మారినా లాభం లేదు. వాళ్ల దగ్గర ఆ ప్రశ్నకు జవాబే లేకపోతే మీరు రాసుకున్న కాగితం చూపించండి. చాలామంది టీచర్లు అలాంటి కాగితాన్ని సంతోషంగానే తీసుకుంటారు, నలభై మంది పిల్లల్లో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగే సమయం వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. ట్యూషన్ పెట్టేముందు కూడా ఆ కాగితం ట్యూషన్ మాస్టారికి చూపించి, మళ్లీ మొదటి అధ్యాయం నుంచి ఏకబిగిన చెప్పకుండా అక్కడి నుంచే మొదలుపెట్టమనండి. వేర్వేరు హారాలున్న కూడిక దగ్గర బాబు ఏమన్నాడో రాస్తే, క.సా.గు. అవసరం ఎందుకో అతనికి ఎలా చూపించాలో నేను వివరంగా చెబుతాను.